చెప్పులు ఉన్నాయి, పిల్ల లేదు

మురుగు నాలా పొంగిందన్న కబురు నాకు మొదట తెచ్చింది ఎల్లమ్మ. మా హాస్టల్లో గదులు ఊడ్చి, గిన్నెలు తోమే మనిషి. మధ్యాహ్నం మూడున్నర అయి ఉంటుంది. కొంగు నెత్తిన కప్పుకుని, నడుము దాకా తడిసి, వంటింటి గుమ్మంలో నిలబడింది.

"అమ్మా, నాలా పొంగింది. మా బస్తీ దిక్కు రోడ్డే కనబడ్తలేదు. సెల్లార్లన్నిట్లకు నీళ్లు దిగుతున్నయ్. పిల్లలను బయటికి పంపకుండ్రి."

"అందరూ లోపలే ఉన్నారు ఎల్లమ్మా. ఇప్పుడే చూశాను" అన్నాను, పాలగిన్నె మీద నుంచి కళ్లు తిప్పకుండా.

ఆ "ఇప్పుడే చూశాను" అన్న మాట గురించే ఇదంతా రాస్తున్నాను. అమీర్‌పేటలో ఆడపిల్లల హాస్టల్‌కు ఇరవై రెండేళ్లు వార్డెన్‌గా ఉన్నాను. ఈ మధ్య ఒక కాలేజీ హాస్టల్లో వార్డెన్‌గా చేరిన అమ్మాయి మా ఇంటికొచ్చి, "వానాకాలం వస్తోంది ఆంటీ, ఏం జాగ్రత్తలు తీసుకోవాలో చెప్పండి" అని అడిగింది. చేతిలో కాలేజీవాళ్లు అచ్చువేసి ఇచ్చిన కాగితం ఉంది. మంచి కాగితమే. టార్చి ఉంచుకోవాలనీ, కరెంటు మెయిన్ ఆపాలనీ, ముఖ్యమైన నంబర్లు రాసి పెట్టుకోవాలనీ అన్నీ ఉన్నాయి. నేను చేసిన తప్పు మాత్రం అందులో లేదు. ఉండదు కూడా. అది కాగితాలు రాసేవాళ్లకు తట్టే తప్పు కాదు.

ఏటి అవతలి బడి

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. మా ఊళ్లో బడి ఏటికి అవతల ఉండేది. వానాకాలంలో ఏరు దాటించడానికి మా అమ్మకు ధైర్యం చాలలేదు. ఒక ఏడు మానేశాను, రెండో ఏడు మానేశాను, ఆ తర్వాత నాన్నే ఇంట్లో చదువు చెప్పడం మొదలుపెట్టారు. సాయంత్రం దీపం పెట్టాక దేవుడి ముందు కూర్చుని చదవడం, రాయడం నేర్చుకున్నాను. దీపం దగ్గర ఆయన నేర్పిన ఇంకో అలవాటు ఇవాళ్టికీ ఉంది. ఆ రోజు మనకు మేలు చేసినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చెప్పుకుని, ఆ తర్వాతే లేవాలి. నీళ్లు మోసినవాళ్లవీ, దారి చెప్పినవాళ్లవీ.

సర్టిఫికెట్ అన్నది ఒక్కటీ లేని నన్ను నమ్మి ఉద్యోగం ఇచ్చినవారు హాస్టల్ యజమాని పార్థసారథి గారు. "పిల్లలకు వేళకు అన్నం పెట్టాలి, వేళకు గేటు వెయ్యాలి, తల్లిదండ్రుల్ని కంగారు పెట్టకూడదు. ఈ మూడూ చేతనైతే చాలమ్మా" అన్నారు. ఆయన పేరు నేటికీ దీపం దగ్గర చెప్పుకుంటాను. కానీ ఆ మూడో మాటను నేను ఎక్కువగా నమ్మాను.

చెప్పుల స్టాండు

మా హాస్టల్లో నలభై రెండు మంది పిల్లలు. సగం మంది డిగ్రీ, ఇంజనీరింగ్ చదివేవాళ్లు, సగం మంది చదువైపోయి కంప్యూటర్ కోర్సులకు వచ్చినవాళ్లు. పొద్దున ఆరింటికి ఒకరు, ఏడింటికి ఒకరు, బ్యాచ్‌ను బట్టి పోతూ వస్తూ ఉండేవారు. అందరి రాకపోకలూ పుస్తకంలో రాయించడం రెండు నెలలు ప్రయత్నించాను. ఒకరి సంతకం ఒకరు పెట్టేసేవారు.

అప్పుడు నాకు చెప్పుల స్టాండు దొరికింది. దొరకడమంటే, మెట్ల పక్కన ఎప్పుడూ ఉన్నదే. పిల్లల్ని చెప్పుల్ని బట్టి గుర్తుపట్టడం నాకే తెలియకుండా అలవాటైంది. మడమ అరిగినవి శిరీషవి. పూసలు రాలిపోయినవి మూడో గది కవిత అనే పిల్లవి. నీలం పట్టీకి పిన్నీసు పెట్టినవి పద్మజవి. పొద్దున, మధ్యాహ్నం, గేటు వేసేముందు స్టాండు వంక ఒకసారి చూస్తే ఎవరు లోపల ఉన్నారో, ఎవరు రాలేదో ఇట్టే తెలిసిపోయేది. పిల్లలు ఆశ్చర్యపోయేవారు. "ఆంటీకి ఏవో శక్తులున్నాయే" అనుకునేవారు. నేను నవ్వి ఊరుకునేదాన్ని. నిజం చెప్పొద్దూ, కొంచెం గర్వంగానే ఉండేది.

మొబైల్ ఫోన్లకు ఇన్‌కమింగ్ ఫ్రీ అయిన కొత్త రోజులవి. గదికి ఒకరిద్దరి దగ్గర ఫోను ఉండేది. మిగతా అందరికీ కింద నా గదిలోని ల్యాండ్‌లైనే దిక్కు.

ఫోన్లో చెప్పిన మాట

ఆ రోజు పొద్దుటి నుంచీ ఎడతెగని వాన. కాలేజీలకు సెలవిచ్చారు. భోజనాలయ్యాక స్టాండు చూశాను. అన్ని జతలూ ఉన్నాయి. నా మనసు కుదుటపడింది. ఎల్లమ్మ వచ్చి కబురు చెప్పినప్పుడు కూడా అదే ధైర్యం.

నాలుగింటికి ఫోను మోగింది. పాలకొల్లు నుంచి పద్మజ నాన్నగారు.

"అమ్మా, టీవీలో హైదరాబాద్ వానలు చూపిస్తున్నారు. మా అమ్మాయి ఎక్కడుందండీ?"

ఫోను దగ్గర నిలబడి చూస్తే స్టాండు కనిపిస్తుంది. నీలం పట్టీ, పిన్నీసు. "లోపలే ఉందండీ. పైన చదువుకుంటోంది" అన్నాను.

"హమ్మయ్య. పంజాగుట్టలో మా స్నేహితుడు ఉన్నాడు. జీపు తీసుకుని వెళ్లి చూసొస్తానంటున్నాడు. అయితే వద్దని చెప్పేస్తానండి."

"ఈ వానలో ఆయన్ని ఎందుకండీ ఇబ్బంది పెట్టడం. నేనున్నాను కదా."

ఆయన ఫోను పెట్టేశారు. కాసేపటికి ఎందుకో రిసీవర్ ఎత్తి చూస్తే గరగరమంది. ఆ తర్వాత ఆ చప్పుడు కూడా ఆగిపోయింది. సందు మొదట్లో ఉన్న టెలిఫోన్ పెట్టె నీళ్లలో మునిగిందని తర్వాత తెలిసింది.

ఎల్లమ్మ గచ్చు తుడుస్తూ ఇదంతా విన్నది.

"పద్మజ బిడ్డను చూసినవా అమ్మా?"

"చెప్పులు ఉన్నాయిగా ఎల్లమ్మా."

ఆమె తుడవడం ఆపి, నడుం మీద చెయ్యి వేసుకుని నా వంక చూసింది. "చెప్పులుంటే పిల్ల ఉన్నట్టేనా? నా చెప్పులు సుత పొద్దటి సంది గా ఎనక తలుపు కాడనే ఉన్నయ్. నేను బస్తీకి పోయి మళ్లొచ్చిన. గిసుంటి నీళ్లల్ల చెప్పులేసుకొని ఎవరు పోతరు? అడుగేస్తే అడుగుకొక్కటి కొట్టుకపోతది."

నా చేతిలోని గ్లాసు బల్ల మీద పెట్టి పైకి పరుగెత్తాను.

తొమ్మిదో గది

తొమ్మిదో గదిలో శిరీష ఒక్కతే ఉంది. ఖమ్మం వైపు పిల్ల. నన్ను చూడగానే లేచి నిలబడింది.

"పద్మజ ఏదే?"

"బాత్రూమ్‌ల ఉంది ఆంటీ."

"పిలు."

పిలవలేదు. కళ్లనిండా నీళ్లు తెచ్చుకుంది. "మీరు తిడ్తరని చెప్పొద్దంది ఆంటీ. ఇన్‌స్టిట్యూట్‌కి పోయింది. దాని సర్టిఫికెట్ల ఒరిజినల్స్ అన్నీ ల్యాబ్‌ల ఉన్నయ్. రేపు పొద్దున ఇంటర్వ్యూ. నీళ్లొస్తే తడుస్తయని మూడింటికే పోయింది."

"ల్యాబ్ ఎక్కడ?"

"సెల్లార్‌ల."

ఆ రోజుల్లో అమీర్‌పేటలో సెల్లార్ అంటే బళ్లు పెట్టుకునే చోటు కాదు. ప్లైవుడ్ అడ్డం పెట్టి, ఇరవై కంప్యూటర్లు వరుసగా పేర్చితే అది ల్యాబ్. లోపలికీ బయటికీ ఒకటే మెట్ల దారి. నేల నిండా వైర్లు.

అప్పటికి శిరీష పద్మజ మొబైల్‌కు ఇరవై సార్లు ఫోన్ చేసిందట. ప్రతిసారీ నెట్‌వర్క్ బిజీ. "ఇంకోసారి చెయ్యి, ఇంకోసారి చెయ్యి" అని నేను ఆ పిల్లను తరుముతున్నాను. నా వెనకే వచ్చిన ఎల్లమ్మ అంది: "మాట పోకుంటే మీరు గా అక్షరాలు కొడ్తరు గదా బిడ్డా, అదన్న పోతదేమో చూడు."

"ఏం కొట్టాలె?"

"గా సెల్లార్ల దిగొద్దని కొట్టు. ఎల్లమ్మ చెప్పిందను. వస్తున్న అను."

శిరీష కొట్టింది. పోయిందో లేదో చాలాసేపు తెలియలేదు. ఫోనులో ఉత్తరం కవరులాంటి గుర్తు ఏదో తిరుగుతూనే ఉంది. నేను ఆ గుర్తునే చూస్తూ మనసులో స్వామిని తలచుకున్నాను. ఏం కోరుకున్నానో చెప్తాను. పిల్లను కాపాడమని కోరడానికి కూడా మాట రాలేదు. నేను ఆ తండ్రితో అన్న మాటను ఎలాగైనా నిజం చెయ్యి స్వామీ అనుకున్నాను. ఇవాళ తలచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

బూజు కర్ర

ఎల్లమ్మ మెట్ల కింది నుంచి బూజు కర్ర తీసింది. రెండు నిలువుల వెదురు.

"నువ్వు పోకు, నేను వెళ్తాను" అన్నాను.

"నీకు దారి తెల్వదమ్మా."

"రోజూ వెళ్లే దారేగా."

"మీద దారి తెలుసు నీకు. కింద ఏముందో తెలుసునా?"

ఇద్దరం బయల్దేరాం. ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. చదివే పిల్లలూ, వార్డెన్లూ, మేం చేసినట్టు మీరు చెయ్యకండి. నిండిన వీధిలోకి దిగకూడదు. పొడుగ్గా ఉన్నవాళ్లయినా, ఈత వచ్చినవాళ్లయినా సరే. ఫైర్‌వాళ్లకో పోలీసులకో కబురు అందించే దారి ఒక్కటైనా ఉంటే అదే చెయ్యాలి. మాకు ఆ దారి లేకపోయింది. ఎల్లమ్మ లేకుండా నేనొక్కదాన్నే వెళ్లి ఉంటే వెతకవలసినవాళ్లు ఇద్దరయ్యేవారు.

ఎందుకంటే ఆమె ఆ వీధుల్లో పుట్టింది. మోకాలి లోతు మట్టి నీళ్లలో కర్ర పొడుచుకుంటూ, ఒక్కో చోట ఆగి చెప్పేది. "గీడ మ్యాన్‌హోల్ ఉంది, మూత ఎండకాలంలనే పోయింది. ఇటు జరుగు. నా అడుగులనే అడుగెయ్యి. స్తంభానికి చెయ్యి ఆనియ్యకు. గా వైరు చూస్తున్నవా, దూరం దూరం." పది నిమిషాల దారికి ముప్పావుగంట పట్టింది. ఆ ముప్పావుగంటలో నేను అప్పటికి తొమ్మిదేళ్లుగా నడిచిన వీధిని మొదటిసారి చూశాను.

ఇన్‌స్టిట్యూట్ మెట్ల మీద పద్మజ గొంతు ముందు వినిపించింది. మనిషి తర్వాత కనబడింది. వాచ్‌మన్‌తో వాదిస్తోంది.

"అన్నా, ఒక్క నిమిషం. పై అరలోనే ఉంది ఫైలు. తీసుకుని వచ్చేస్తాను."

"ఏం నిమిషం చెల్లే? లోపల కంప్యూటర్లు ఈత కొడ్తున్నయ్. నువ్వు సుత కొడ్తవా?"

ఎల్లమ్మ కర్ర గోడకు ఆనించి, ఆ పిల్ల జబ్బ పట్టుకుంది. "ఏమున్నది బిడ్డా అండ్ల?"

"నా ఒరిజినల్స్ ఎల్లమ్మా. టెన్త్ నుంచి అన్నీ. అవి లేకపోతే రేపు నన్ను గేటులోకి కూడా రానివ్వరు."

"కాయితాలు పోతే ఆఫీసుకు పోయి మళ్ల అడుగుతం. నువ్వు పోతే ఏ ఆఫీసుకు పోవాలె మేము?"

అప్పుడు ఏడ్చింది పద్మజ. నేనూ ఏడ్చాను. వాచ్‌మన్ మొహం తిప్పుకున్నాడు.

తర్వాత దారిలో చెప్పింది. ఆమె వెళ్లేసరికి ల్యాబ్‌కు తాళం. తాళంచెవి ఉన్న మనిషి కోసం వెతికి, తీసుకొచ్చేసరికి గంట పట్టింది. పైన షట్టరు తాళం తీసి నాలుగు మెట్లు దిగింది. నీళ్లు మోకాలికి తగులుతుండగా చేతిలోని ప్లాస్టిక్ కవర్లో ఫోను మోగింది. తడి కవర్లోంచి అక్షరాలు కనబడక, చదవడానికి పైకెక్కింది. "దిగొద్దు. ఎల్లమ్మ చెప్పింది. వస్తోంది." జవాబు కొడితే పోలేదు. ఇంకోసారి కొడుతుంటే కింద గాజు తలుపు ఫెళ్లుమని విరిగి, బయటి నీళ్లన్నీ ఒక్కసారిగా లోపలికి దూకాయి. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి మెయిన్ ఆపాడు. అయినా మేం వెళ్లేసరికి మళ్లీ దిగుతానంటోంది. ఇరవై ఒక్కేళ్ల పిల్ల. ఆమెను ఏమనను?

"మొబైల్‌లో మెసేజ్ కొట్టమన్నది ఎవరు?" అని అడిగింది.

"నేనే కొట్టమన్న. నాకు చదువు రాదు గానీ, మీరు పొద్దంత టకటక కొడ్తుంటే చూస్తనే ఉంట గద" అంది ఎల్లమ్మ.

అడగని ప్రశ్న

ఆరు కావస్తుండగా హాస్టల్ చేరాం. ఆ సాయంత్రం మొదటిసారి స్టాండు చూడలేదు. నలభై రెండు పేర్లూ పిలిచి, నలభై రెండు మొహాలూ చూశాను. అల్లం టీ పెట్టించాను.

ఎల్లమ్మ వెనక తలుపు దగ్గర చీర పిండుకుంటోంది. "ఇగ పోతనమ్మా."

"టీ తాగి వెళ్లు."

"వద్దమ్మా. మా అత్తను బడి వరండాల కూసోబెట్టొచ్చిన. ముసల్ది ఎదురు చూస్తుంటది."

"బడి వరండాలో ఎందుకు?"

"ఇంట్ల నడుము లోతు నీళ్లున్నయ్."

"ఎప్పటి నుంచి?"

"మీకు చెప్పనీకి వచ్చేటాల్లకే."

ఆమె నడుము దాకా తడిసి ఉండటం మూడున్నరకే చూశాను. అది ఏ నీళ్లో అడగలేదు. ముప్పావుగంట ఆమె అడుగులో అడుగు వేస్తూ నడిచి కూడా అడగలేదు.

"ఇల్లు అలా వదిలేసి ఇక్కడికి ఎందుకొచ్చావు ఎల్లమ్మా?"

"అత్త మంచిగనే ఉంది. సామాను ఎట్లైనా పాయె, నేనుండి ఏం జేస్త? మీకు నాలా సంగతి తెల్వది. కొత్తోళ్లు."

అప్పటికి తొమ్మిదేళ్లయింది నేను అక్కడికి వచ్చి. ఆమె లెక్కలో కొత్తదాన్నే. నిజమే కూడా.

ఆ సాయంత్రమే పిల్లలు మెస్ హాల్లో బల్లలు జరిపి చోటు చేశారు. వాన తగ్గాక ఎల్లమ్మ అత్తను తీసుకొచ్చింది. గోడలు ఆరేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు. ముసలమ్మ పిల్లల జడలన్నీ విప్పి తనకు నచ్చినట్టు మళ్లీ అల్లింది. పద్మజ ఇంటర్వ్యూ వాయిదా పడింది. ఊరంతా నీళ్లలో ఉంటే ఇంటర్వ్యూ ఎవరు చేస్తారు? ఆ సంగతి ఆమెకు రెండు రోజుల తర్వాత తెలిసింది. నాకు అది తలచుకుంటే నవ్వూ వస్తుంది, ఒళ్లూ జలదరిస్తుంది.

తండ్రితో రెండో మాట

ఫోను బాగయ్యాక పార్థసారథి గారిని అడిగాను, పాలకొల్లుకు చేస్తానని. "పిల్ల క్షేమంగా ఉంది కదమ్మా. ఇప్పుడు చెప్పి ఆయన్ని కంగారు పెట్టడం ఎందుకు? హాస్టల్ పేరు కూడా ఆలోచించాలి" అన్నారు. పద్మజ అయితే చేతులు పట్టుకుంది, "నాన్నకు చెప్పకండి ఆంటీ" అని.

పార్థసారథి గారిని కాదనడం నాకు అదే మొదటిసారి. ఫోన్ చేసి, జరిగింది జరిగినట్టు చెప్పాను. చెప్పుల సంగతి కూడా చెప్పాను.

"మా స్నేహితుడు జీపు తాళాలు చేతిలో పట్టుకుని ఉన్నాడండీ. నేనే వద్దన్నాను" అన్నారు. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. మళ్లీ ఆయనే అన్నారు: "ఇక మీదట చూడకపోతే చూడలేదని చెప్పండమ్మా. మేం కాసేపు కంగారు పడతాం. పడనివ్వండి."

పిల్లను తీసుకెళ్లిపోతారనుకున్నాను. తీసుకెళ్లలేదు. ఆయన పేరు కూడా దీపం దగ్గర చెప్పుకుంటాను.

పార్థసారథి గారు వారం రోజులు నాతో ముభావంగా ఉన్నారు. ఆ తర్వాత మీటరు బోర్డు పైఅంతస్తుకు మార్పించారు. మా సెల్లార్‌లో పన్నెండు మంచాలు వేద్దామనుకున్న ఆలోచన మళ్లీ ఎత్తలేదు. ఆయన పద్ధతి అంతే. నోటితో ఒప్పుకోరు, చేతితో ఒప్పుకుంటారు.

గోడ మీద పలక

తర్వాత మేం చేసుకున్న ఏర్పాటు చాలా చిన్నది. వంటింటి గుమ్మం పక్కన పెద్ద నల్ల పలక ఒకటి తగిలించాం. బయటికి వెళ్లే పిల్ల తన పేరూ, వెళ్లే చోటూ, అక్కడ ఎవరి నంబరుకు చేస్తే దొరుకుతుందో అదీ తన చేత్తోనే రాయాలి. తిరిగొచ్చి నాకు మొహం చూపించి తుడిపేయాలి. వానరోజున ఒంటరిగా వెళ్లకూడదు. మబ్బు పట్టగానే ఫోన్లన్నీ ఛార్జింగ్‌కు పెట్టేవాళ్లం, కరెంటు పోయేముందే. మాట కలవకపోతే మళ్లీ మళ్లీ మోగించకుండా మెసేజ్ కొట్టి ఓపిక పట్టాలి. ఊళ్లో లైన్లన్నీ కిక్కిరిసినా పైఊరికి ఒక్కోసారి కలుస్తుంది. అందుకని విజయవాడలో ఉన్న మా చెల్లెలి నంబరు అందరికీ కంఠతా పట్టించాను. ఎక్కడ చిక్కుకున్నా ఆమెకు చెప్తే చాలు, ఆమె మాకు చెప్పేది. పాపం, వాన చినుకు పడితే చాలు, ఆమె ఫోను పక్కనే కూర్చుని కూర తరుక్కునేది.

సర్టిఫికెట్ల సంగతి ఇంకోటి. ఒరిజినల్స్ ఎవరి దగ్గరా, ఏ సెల్లార్‌లోనూ పెట్టకండి. పెట్టాల్సి వచ్చి నీళ్లు వస్తే, వదిలెయ్యండి. పద్మజకు డూప్లికేట్లు రావడానికి ఏడు నెలలు పట్టింది. వచ్చాయి. ఇప్పుడు పెద్ద ఉద్యోగం చేస్తోంది. ప్రతి ఏడూ తొలి వానకు నాకు మెసేజ్ పెడుతుంది: "లోపలే ఉన్నాను ఆంటీ." వెంటనే ఒక ఫొటో కూడా పంపిస్తుంది, మొహం కనబడేట్టు.

ఎల్లమ్మ కిందటేడు కన్నుమూసింది. నా దగ్గర ఆమె ఫొటో లేదు. హాస్టల్ గ్రూప్ ఫొటోలు ఇరవై రెండున్నాయి. ఒక్కదాంట్లోనూ ఆమె లేదు. ఫొటో తీసేటప్పుడు అందరి చెప్పులూ పక్కకు జరుపుతూ ఉండేది. రమ్మని మేం పిలిచినట్టు గుర్తు లేదు.

మా పలక మీద మొదటి వరుసలో ఎప్పుడూ పిల్లల పేర్లు రాసేవాళ్లం కాదు. ఎల్లమ్మ పేరు రాసేవాళ్లం. వాన పెద్దదైతే మొదటి కబురు ఆమె ఇంటికి. ఎలా ఉన్నావు, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి, అత్తను తీసుకుని వచ్చెయ్యి అని.

మీ హాస్టళ్లలో కూడా వానరోజున పేర్లు పిలుస్తారు కదా. ఊడ్చే మనిషి పేరు, గిన్నెలు తోమే మనిషి పేరు, గేటు దగ్గర మనిషి పేరు ముందు పిలవండి. వాళ్లు "ఉన్నా" అనేదాకా ఆగండి. ఆ ఆగినంతసేపు, ఒక్కసారి మా ఎల్లమ్మను తలచుకోండి.